హైవే ఎక్కితేనే వేడెక్కే పాత మారుతి 800: హెడ్ దింపించకముందు చూడాల్సినవి

మీరు రాసిన వివరాలు ముందు ఒకసారి చెప్తాను, జవాబు సగం వాటిలోనే ఉంది. బండి 2004 మోడల్ మారుతి 800, ఏసీ ఉంది. హనుమకొండ చౌరస్తాలో, కాజీపేట బ్రిడ్జి దగ్గర ఎంతసేపు ట్రాఫిక్‌లో నిలబడ్డా టెంపరేచర్ మీటర్ ముల్లు మధ్యలోనే ఉంటుంది. ములుగు రోడ్డెక్కి 70 స్పీడులో పోతే గూడెప్పాడ్ దాటాక ముల్లు పైకి లేస్తుంది, ఏసీ వేస్తే ఇంకా ముందే లేస్తుంది. స్పీడు తగ్గిస్తే మళ్లీ దిగుతుంది. ఇప్పటికే రేడియేటర్ కడిగించారు, ఫ్యాన్ మోటారు మార్పించారు, ఫ్యాన్‌ను ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ చేయించారు, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ అనే వాల్వును తీసేయించారు. అయినా తగ్గలేదు. ఇప్పుడు మెకానిక్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ, కింది బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ దింపాలి అంటున్నాడు. దింపించాలా, బండి అమ్మేయాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే దింపించకండి. హెడ్ దింపకుండానే గ్యాస్కెట్ సంగతి తేల్చే పరీక్షలున్నాయి, అవి కింద చెప్తాను. అంతకంటే ముందు చూడాల్సింది, బండి ఏ పరిస్థితిలో వేడెక్కుతోంది అన్నది. వేడెక్కే సమయమే లోపం ఎక్కడుందో చెప్తుంది. దాన్ని పట్టించుకోకుండా ఒక్కో పార్టూ మారుస్తూ పోతే డబ్బులు పోతాయి, లోపం అక్కడే ఉంటుంది.

ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు మాత్రమే వేడెక్కి, స్పీడు అందుకోగానే చల్లబడే బండికి ఫ్యాన్ లోపం ఉంటుంది. మేడారం జాతరప్పుడు తాడ్వాయి అడవి రోడ్డులో గంటల తరబడి నత్తనడకన కదిలే వరుసలో బానెట్లు ఎత్తి కనిపించే బళ్లలో ఎక్కువ ఈ రకమే. ముందు నుంచి గాలి రాదు కాబట్టి ఫ్యానే దిక్కు. మీ బండిది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 70 స్పీడులో గ్రిల్ గుండా వచ్చే గాలే సరిపోతుంది, అప్పుడు ఫ్యాన్ తిరగకపోయినా పెద్ద తేడా ఉండకూడదు. కానీ ఆ స్పీడులో ఇంజన్ పుట్టించే వేడి నిలబడ్డప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వేడినంతా నీళ్లు మోసుకుపోవాలి, రేడియేటర్ బయటికి వదలాలి. అంటే మీ బండిలో నీటి దారిలోనో, గాలి దారిలోనో అడ్డుంది. ఫ్యాన్ మోటారు మార్చడం మీకు లేని జబ్బుకు చేసిన వైద్యం.

అన్నిటికంటే ముందు, ముల్లు నిజమే చెప్తోందా చూడండి. పాత బళ్లలో ఎర్త్ వైరు తుప్పు పట్టినా, టెంపరేచర్ సెన్సర్ పాడైనా ముల్లు అబద్ధం చెప్తుంది. దూరం నుంచి వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఒకటి సంపాదించండి, లేదా అది ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ముల్లు పైకి లేచినప్పుడు బండి పక్కకు ఆపి, ఇంజన్ ఆపకుండా థర్మోస్టాట్ ఉండే హౌసింగ్ మీద, పై హోస్ మొదట్లో, కింది హోస్ మీద కొలవండి. మెరిసే లోహం మీద ఆ గన్ తప్పు రీడింగ్ ఇస్తుంది, నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద చూడండి. హౌసింగ్ దగ్గర 90 దాటకుండా ముల్లు మాత్రం ఎరుపులో ఉంటే లోపం వైరింగ్‌లో ఉన్నట్టు. నిజంగానే 105, 110 చూపిస్తే ముందుకు పోదాం.

రెండు హోస్‌ల తేడా చాలా చెప్తుంది. రేడియేటర్ బాగా పనిచేస్తుంటే కింది హోస్ పైదాని కంటే పదో, పన్నెండో డిగ్రీలు చల్లగా ఉంటుంది. పైది మండిపోతూ కిందిది మరీ చల్లగా ఉంటే నీళ్లు సరిగా ప్రవహించడం లేదు. రెండూ దాదాపు ఒకే వేడిలో ఉంటే నీళ్లు తిరుగుతున్నాయి గానీ రేడియేటర్ ఆ వేడిని గాలికి వదల్లేకపోతోంది. ఈ ఒక్క కొలతతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

ఇక ఫ్యాన్. మోటారు మార్చి, తర్వాత డైరెక్ట్ చేశారన్నారు కాబట్టి తప్పకుండా చూడాల్సింది ఒకటుంది. ఈ మోటారుకు ప్లస్, మైనస్ వైర్లు తారుమారైతే ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది. రేడియేటర్ గుండా గాలిని ఇంజన్ వైపు లాగాల్సింది పోయి ముందుకు నెడుతుంది. నిలబడ్డప్పుడు ఎటు గాలి కదిలినా కొంత చల్లబడుతుంది, అందుకే ట్రాఫిక్‌లో తేడా తెలియకపోవచ్చు. హైవే మీద మాత్రం ఎదురుగా వచ్చే గాలితో ఫ్యాన్ పోట్లాడుతుంది. ఫ్యాన్ తిరుగుతుండగా గ్రిల్ ముందు ఒక న్యూస్‌పేపర్ ముక్క పట్టుకోండి. లోపలికి అతుక్కోవాలి. బయటికి ఎగిరితే కారణం దొరికినట్టే, వైర్లు మార్చితే చాలు. డైరెక్ట్ కనెక్షన్ మాత్రం తీయించి, ఫ్యూజు, రిలే, టెంపరేచర్ స్విచ్‌తో మామూలుగా పెట్టించండి. ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూ ఉంటే ఆల్టర్నేటర్ మీద భారం పడుతుంది, కొత్త మోటారు కూడా తొందరగా పోతుంది.

గాలి దారి గురించి మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఏసీ బండిలో రేడియేటర్ ముందు, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉంటుంది, రెండిటి మధ్య సన్నని సందు. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు, జిన్నింగ్ మిల్లుల వైపు తిరిగే బళ్లలో ఆ సందులో దూది పేరుకుపోతుంది. వరి కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పొట్టు, గడ్డి నలుసులు చేరతాయి. భూపాలపల్లి, రామగుండం వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి, వీటికి కొంచెం ఆయిల్ తగిలితే గట్టి పొరలా అయిపోతుంది. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగా కనిపిస్తుంది, వెనక నుంచి చూస్తే రేడియేటర్ శుభ్రంగా కనిపిస్తుంది, మధ్యలో మాత్రం కంబళి పరిచినట్టు ఉంటుంది. మీరు కడిగించింది ఎలా కడిగారో అడగండి. సర్వీసింగ్ సెంటర్‌లో ముందు నుంచి ప్రెషర్ గన్‌తో కొట్టి ఉంటే చెత్త బయటికి రాదు, సందులోకి ఇంకా బిగుసుకుంటుంది, పైగా పల్చటి రేకులు వంగిపోతాయి. రేడియేటర్ బోల్టులు విప్పి కొద్దిగా వెనక్కి జరిపి, ఇంజన్ వైపు నుంచి ముందుకు మామూలు పైపు నీళ్లతో కడగాలి. ఏసీ గ్యాస్ పైపులు విప్పాల్సిన పనిలేదు. ఏసీ వేస్తే తొందరగా వేడెక్కుతోందన్నారు కదా, వేడెక్కిన కండెన్సర్ గుండా వచ్చిన గాలే రేడియేటర్‌కు అందుతుంది కాబట్టి కొంత తేడా సహజం. మీరు చెప్పినంత తేడా ఉంటే మాత్రం ఈ సందును అనుమానించాలి. గ్రిల్ ముందు అదనపు లైట్లు, అడ్డంగా గార్డు లాంటివి ఉంటే అవి కూడా తీసి చూడండి.

నా ఎక్కువ అనుమానం మాత్రం నీటి దారి మీదే. ఇన్నేళ్లుగా రేడియేటర్‌లో ఏ నీళ్లు పోశారో మీరు రాయలేదు. మన దగ్గర చాలా మంది పోసేది బోరు నీళ్లే. ఇంట్లో గీజర్ రాడ్ మీద, స్టీలు బిందె అడుగున తెల్లగా పేరుకునే సున్నం చూశారు కదా, అదే రేడియేటర్ సన్నని గొట్టాల లోపల కూడా పేరుకుంటుంది. వరంగల్, కరీంనగర్ వైపు భూగర్భ జలాల్లో కాల్షియం ఎక్కువ, నీళ్లు వేడెక్కినప్పుడు అది రాయిలా గోడలకు పడుతుంది. అల్యూమినియంతో పోలిస్తే ఈ సున్నం పొర వేడిని దాదాపు వందో వంతు మాత్రమే ప్రసరింపజేస్తుంది. అంటే గొట్టం పూర్తిగా మూసుకుపోకపోయినా, లోపల పల్చటి పొర ఉంటే చాలు, నీళ్ల వేడి గాలికి చేరదు. నెమ్మదిగా పోయినప్పుడు ఆ కొద్ది సామర్థ్యమే సరిపోతుంది. 70 స్పీడులో సరిపోదు. మీ లక్షణం అచ్చంగా ఇదే.

దీన్ని పట్టుకోవడం సులువు. ఇంజన్ బాగా వేడెక్కాక బండి ఆపి, ఇంజన్ కట్టేసి, థర్మామీటర్ గన్‌తో రేడియేటర్ ముఖమంతా వరుసగా కొలవండి. ఏసీ కండెన్సర్ అడ్డుంటే ఇంజన్ వైపు నుంచి, ఫ్యాన్ రెక్కల సందుల్లోంచి కొలవండి, ముందు ఫ్యాన్ కనెక్టర్ మాత్రం పీకేయండి. వేడి ఒక వైపు నుంచి ఇంకో వైపుకు క్రమంగా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా చల్లటి మచ్చలు దొరికితే అక్కడి గొట్టాల్లో నీళ్లు పోవడం లేదు. అలా ఉంటే రెండు దారులు. రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే రేడియేటర్ షాపులో ట్యాంకు విప్పి, గొట్టాల్లో సన్నని రాడ్లు దూర్చి శుభ్రం చేస్తారు, బాగా పనిచేస్తుంది. అల్యూమినియం కోరు, ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నదైతే రాడ్ కొట్టడం కుదరదు. కొద్దిగా మూసుకుపోతే నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లతో నింపి, కొన్ని గంటలు ఉంచి, ఆ తర్వాత కింది నుంచి పైకి మంచి నీళ్లు పారించి బాగా కడగొచ్చు. లీటరుకు 50 గ్రాములు మించొద్దు. బాత్రూమ్ యాసిడ్ మాత్రం ఎవరు చెప్పినా పోయకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది. బాగా మూసుకుపోయి ఉంటే ఈ మోడల్‌కు కొత్త రేడియేటర్ దొరకడం కష్టం కాదు, హెడ్ పనికి అయ్యే ఖర్చుతో పోలిస్తే అది నయం.

రేడియేటర్ బయటికి తీసినప్పుడే వాటర్ పంపు కూడా చూడండి. కూలెంట్ (నీళ్లలో కలిపే, తుప్పు పట్టనివ్వని ద్రవం) లేకుండా ఉత్త నీళ్లతో ఏళ్ల తరబడి నడిచిన బండిలో పంపు లోపలి రెక్కలు తుప్పు పట్టి అరిగిపోతాయి. బయటికి లీకు ఉండదు, శబ్దం రాదు, అందుకే ఎవరూ అనుమానించరు. మీ బండిలో థర్మోస్టాట్ ఇప్పుడు లేదు కాబట్టి ఒక తేలికైన పరీక్ష చేయొచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఉదయాన్నే, రేడియేటర్ క్యాప్ తీసి స్టార్ట్ చేయండి. ఒకరు మెల్లగా ఆక్సిలరేటర్ పెంచుతుంటే ఇంకొకరు లోపల నీళ్లు చూడాలి. రేస్ పెంచిన కొద్దీ నీళ్లు బలంగా కదలాలి. పొంగి బయటికి వస్తే రేడియేటర్ కిందికి వదల్లేకపోతోంది. అసలు కదలకపోతే పంపు బలహీనంగా ఉంది. పంపును తిప్పే బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం మించి లోపలికి పోకూడదు.

కింది హోస్ సంగతి చాలా మంది మెకానిక్‌లు కూడా మర్చిపోతారు. అది పంపు నీళ్లను పీల్చుకునే వైపు ఉంటుంది. రబ్బరు మెత్తబడితే ఎక్కువ రేస్‌లో పీల్పుకు నొక్కుకుపోయి దారి మూసుకుంటుంది, రేస్ తగ్గించగానే మళ్లీ మామూలుగా ఉబ్బుతుంది. ఆగి చూస్తే ఏమీ కనిపించదు. హైవే మీద మాత్రమే వేడెక్కడానికి ఇది సరిగ్గా సరిపోయే కారణం. క్యాప్ బిగించి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేస్ ఇచ్చి ఆ హోస్‌ను కళ్లతో చూడండి. అనుమానముంటే మార్చేయండి, ఖరీదైనదేమీ కాదు.

రేడియేటర్ క్యాప్ కూడా అంతే, చిన్నది గానీ దాని పని పెద్దది. ఈ బళ్లకు వాడే క్యాప్ 0.9 బార్ ఒత్తిడి నిలుపుతుంది. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. క్యాప్ రబ్బరు ఎండిపోయి ఒత్తిడి పోతే 100 దగ్గరే మరుగుతాయి, ఆవిరి బుడగలున్న చోట లోహానికి నీళ్లు తగలవు, అక్కడి నుంచి వేడి వేగంగా పెరుగుతుంది. కొత్త క్యాప్ వేసేటప్పుడు మీద రాసిన అంకె చూసి అదే కొనండి. ఎక్కువ ఒత్తిడి క్యాప్ వేస్తే పాత హోస్‌లు పగులుతాయి.

థర్మోస్టాట్ గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. మన దగ్గర పాత బండి వేడెక్కితే మొదట దాన్ని పీకి పారేయడం అలవాటైపోయింది. తీసేశాక కూడా వేడెక్కుతోందంటే దాని తప్పు లేదని తేలిపోయింది, ఇక తిరిగి పెట్టించండి. అది లేకపోతే ఇంజన్ తన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. పెట్రోలు ఎంత పోయాలో చూసుకునే ఎంపీఎఫ్ఐ కంప్యూటర్, ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, మిగిలిన పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లో కలిసి పల్చబరుస్తుంది. కొత్తది వేసే ముందు ఇంట్లోనే పరీక్షించండి: గిన్నెలో నీళ్లు పెట్టి, దారంతో వేలాడదీసి కాచండి. 82 డిగ్రీలు అని రాసి ఉంటే ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలుకావాలి, మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. థర్మోస్టాట్ తీసేస్తే నీళ్లు వేగంగా పోయి చల్లబడే టైమ్ దొరకదు, అందుకే వేడెక్కుతుంది అని కూడా కొందరు చెప్తారు. అది నిజం కాదు, ప్రవాహం పెరిగితే వేడి బయటికి పోవడం తగ్గదు.

ఇప్పుడు గ్యాస్కెట్. పోలేదని నేను అనడం లేదు, ఇన్నిసార్లు వేడెక్కిన బండిలో పోయి ఉండొచ్చు. కానీ తేల్చుకున్నాకే హెడ్ మీద చెయ్యి వేయనివ్వండి. చల్లటి ఇంజన్‌లో క్యాప్ తీసి చేసిన పరీక్షలోనే బుడగలు చూడండి. మొదట్లో వచ్చే ఒకటి రెండు బుడగలు లోపల ఇరుక్కున్న గాలి కావొచ్చు. ఆగకుండా సన్నగా వస్తూనే ఉంటే, రేస్‌తో పాటు పెరుగుతుంటే సిలిండర్‌లోని పొగ నీళ్లలోకి వస్తోంది. రెండో గుర్తు, ఉదయం క్యాప్ బిగించి స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే పై హోస్ గట్టిపడడం. ప్లగ్గులు మూడూ తీసి చూస్తే, రెండు గోధుమ రంగులో ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు పోతున్నాయి. ఆయిల్ తెల్లగా మారడం, సైలెన్సర్ నుంచి ఆగని తెల్లపొగ, ఇవి ముదిరిన లక్షణాలు, ఇవి లేనంత మాత్రాన గ్యాస్కెట్ బాగుందని కాదు. అన్నిటికంటే నమ్మకమైనది రేడియేటర్ మూతి మీద పెట్టి చేసే నీలం రంగు ద్రవం పరీక్ష, పొగ తగిలితే ద్రవం పసుపుకు మారుతుంది. ఆటోనగర్‌లో అడిగితే ఆ కిట్టు ఉన్నవాళ్లు దొరుకుతారు.

నిజంగానే పోయిందని తేలితే హెడ్ దింపించండి, కానీ రేడియేటర్, పంపు, హోస్ సంగతి చూడకుండా ఒట్టి గ్యాస్కెట్ వేయించొద్దు. మొదట వేడెక్కించిన కారణం అలాగే ఉంటే కొత్త గ్యాస్కెట్ కూడా పోతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే బోల్టులు విప్పాలి, వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్ వంకర పోతుంది. తీశాక స్కేలు, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజీ పెట్టి 0.05 మిల్లీమీటరు మించి వంకర ఉందా చూసి, ఉంటేనే లేత్ షాపుకు ఫేసింగ్‌కు, అంటే అడుగు చదును చేయించడానికి, పంపాలి. బిగించేటప్పుడు, బిగింపు ఎంతో కొలిచి చూపించే టార్క్ రెంచ్ వాడతారా అని ముందే అడగండి. వాడను, చేతి అంచనా చాలు అనే మెకానిక్ దగ్గర ఈ పని చేయించకండి.

ఇవన్నీ బాగున్నా వేడెక్కుతుంటే మూడు చోట్ల చూడండి. బ్రేకులు పట్టేసి ఉన్నాయా: కాసేపు నడిపి ఆపి చక్రాల దగ్గర వేడి కొలవండి, ఒక చక్రం మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే అది బండిని వెనక్కి లాగుతోంది. సైలెన్సర్ దారిలో ఉండే కెటాలిటిక్ కన్వర్టర్ మూసుకుపోతే స్పీడులో పికప్ పడిపోయి వేడెక్కుతుంది. ఎల్‌పీజీ కిట్ ఉంటే గ్యాస్ ఒత్తిడి తగ్గించే దాని రెడ్యూసర్‌కు ఇంజన్ నీళ్ల పైపులు వెళ్తాయి, వాటిలో గాలి చిక్కుకున్నా, లీకున్నా ఇదే బాధ.

పని అయ్యాక బోరు నీళ్లు మళ్లీ పోయొద్దు. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, మంచి కంపెనీ కూలెంట్ కలిపి పోయండి. మనకు నీళ్లు గడ్డకట్టే చలి లేదు, మనకు కావాల్సింది తుప్పు పట్టనివ్వని గుణం, కాబట్టి మూడో వంతు నుంచి సగం దాకా కూలెంట్ చాలు. ఇంకా చిక్కగా పోస్తే మంచిదనుకోకండి, వేడిని మోసుకుపోవడంలో కూలెంట్ కంటే నీళ్లే మేలు. పోసేటప్పుడు ముందు చక్రాలు ఎత్తు మీద ఉంచి, హీటర్ ఫుల్ వేడి వైపు పెట్టి, పై హోస్‌ను చేత్తో నొక్కుతూ గాలి బయటికి వచ్చేదాకా నింపండి. లీకు ఆగడానికి పసుపు పొడి, స్టాప్‌లీక్ లాంటివి వేసే వాళ్లున్నారు, అవి మీ రేడియేటర్ గొట్టాలనే మూసేస్తాయి.

ఈలోగా దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టి, నెమ్మదిగా పక్కకు తీసుకోండి. చిన్న హీటర్ కూడా ఒక రేడియేటర్‌లా పనిచేస్తుంది. ఆవిరి వస్తుంటే ఇంజన్ వెంటనే కట్టేయండి. వేడి మీద క్యాప్ తీయొద్దు, తడి గుడ్డ వేసి కూడా తీయొద్దు, 110 డిగ్రీల నీళ్లు ఒత్తిడి తగ్గగానే ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం ముప్పావు గంట ఆగండి. కాలుతున్న ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది.

అమ్మేయాలా అన్న దానికి: ఫ్యాన్ దిశ, సందులో చెత్త, కింది హోస్, రేడియేటర్ పొర, ఈ వరుసలో చూసేదాకా అమ్మకండి, మీరు చెప్పిన లక్షణాలకు కారణం వీటిలోనే ఉండే అవకాశం ఎక్కువ. గ్యాస్కెట్ పోయి, కంప్రెషన్ కూడా మూడు సిలిండర్లలోనూ పడిపోయి ఉంటే ఖర్చు బండి ధరను మించిపోవచ్చు, అప్పుడు అమ్మడమే తెలివైన పని, కొనేవాళ్లకు విషయం చెప్పి అమ్మండి. ముందు హౌసింగ్, పై హోస్, కింది హోస్ మూడు చోట్ల రీడింగులు, 70 స్పీడులో ఆపిన వెంటనే తీసినవి, రాయండి. ఏ నీళ్లు పోస్తున్నారో, రేడియేటర్ రాగిదా అల్యూమినియందా కూడా చెప్పండి, దాన్ని బట్టి ముందేం విప్పాలో చెప్తాను.